పది వేల లోపు సౌండ్‌బార్ దండగేనా?

టీవీ కింద పెట్టుకునే పొడుగాటి స్పీకర్, అదే సౌండ్‌బార్ మీద హన్మకొండ, కాజీపేట వైపు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పది వేల లోపు సౌండ్‌బార్ దండగ. టీవీ వాల్యూమ్ పెంచుకుంటే చాలు. కొంటే వాట్లు చూసి కొనాలి. అదే పైసలకు 5.1 హోమ్ థియేటర్ వస్తది. పాత టీవీకి సౌండ్‌బార్ పెట్టరాదు. షాపుల విన్న సౌండ్ ఇంట్ల రాదు." ఇందులో నిజం అసలే లేదనను. ఉన్నది చాలా తక్కువ.

ముందు వాల్యూమ్ సంగతి. ఇళ్లల్లో అసలు ఇబ్బంది సౌండ్ చాలకపోవడం కాదు, మాట తెలియకపోవడం. సీరియల్ నడుస్తుంటే తాత "ఏమన్నడు?" అని పక్కవాళ్లను అడుగుతుంటాడు. వాల్యూమ్ పెంచితే మాట అలాగే ముద్దగా ఉంటుంది, యాడ్ రాగానే చెవులు గింగురుమంటాయి. పలుచటి టీవీలో మంచి స్పీకర్‌కు చోటే లేదు. చాలావాటిలో 10 వాట్ల చిన్న స్పీకర్లు రెండు, అవీ నేల వైపో గోడ వైపో తిరిగి ఉంటాయి. స, శ, చ లాంటి హల్లులను విడదీసి వినిపించేది 2,000 హెర్ట్జ్‌కు పైనుండే సన్నటి శబ్దం. అది సూటిగా పోయే రకం కాబట్టి గోడకు తగిలి మన దగ్గరికి వచ్చేసరికి చెదిరిపోతుంది. వయసు మీద పడ్డాక చెవికి ముందు దూరమయ్యేవీ ఈ సన్నటి శబ్దాలే. పైగా మన హాళ్లల్లో నేలంతా టైల్స్, చుట్టూ ఉత్త గోడలు. ఎండాకాలమైతే కూలర్ మోత సరేసరి.

సౌండ్‌బార్ స్పీకర్లు చాలావరకు మన వైపే చూస్తాయి. సగం లాభం అక్కడే ఉంది. సబ్‌వూఫర్ (బేస్ కోసం విడిగా ఉండే డబ్బా) లేని మామూలు 2.0 బార్‌తోనూ, అంటే కుడి ఎడమ స్పీకర్లే ఉన్నదానితోనూ, మాట తేలిక పడుతుంది, మాటను పైకి తెచ్చే న్యూస్ మోడ్ ఉంటే ఇంకా మేలు. అయితే దాన్ని షోకేస్ అరలో లోపలికి తోసి, ముందు బొమ్మలు పేర్చి, పైన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పితే మళ్లీ మొదటికే వస్తుంది. అర అంచుకు జరపండి.

ఇక వాట్లు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. 80 వాట్ల బార్‌కూ 160 వాట్ల బార్‌కూ తేడా డబ్బా మీద కనిపించినంత ఉండదు. పీఎంపీఓ (క్షణకాలం పవర్ చూపే గొప్ప అంకె) అని వేల వాట్లు రాసి ఉంటే అది లెక్కలోకే రాదు, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) అంకె చూడండి. డబ్బా మీది మిగతా మాటలనూ గుడ్డిగా నమ్మొద్దు. రెండే స్పీకర్లున్న చవక బార్ మీద అట్మాస్ (పై నుంచీ సౌండ్ వినిపించే పద్ధతి) స్టిక్కర్ చూసి తల మీదుగా హెలికాప్టర్ పోతుందనుకోవద్దు.

5.1, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. మంచిదే, చోటుంటే. వెనక స్పీకర్లకు వైర్లు హాలంతా తిప్పాలి, గోడకు మేకులు కొట్టాలి. కిరాయి ఇంట్లో ఓనర్ ఒప్పుకోవాలి కదా! కేబుల్లో వచ్చే ఛానళ్లు ఎక్కువగా స్టీరియోనే (కుడి, ఎడమ రెండు స్పీకర్లకే), అప్పుడు వెనక స్పీకర్లకు అసలైన పని ఉండదు. ఓటీటీలో సినిమాలే ఎక్కువ చూసేవాళ్ల లెక్క వేరు.

పాత టీవీకి పెట్టరాదన్నది మాత్రం పచ్చి అబద్ధం. టీవీ సౌండ్‌ను బార్‌కు పంపే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ పోర్టు 2009లోనే వచ్చింది. అది లేని టీవీకి ఆప్టికల్ వైర్ (వెలుతురుతో సౌండ్ పంపేది) ఉంది. అదీ లేకపోతే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఆక్స్ వైర్ వేసుకోవచ్చు. ఏఆర్‌సీతో టీవీ రిమోట్ ఒక్కటే సరిపోతుంది, ఆప్టికల్‌కు సాధారణంగా రెండో రిమోట్ పట్టుకోవాలి. వైర్ పెట్టాక సౌండ్ రాకపోతే బార్ పాడైందని కంగారు పడకుండా టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ సౌండ్‌ను పీసీఎం అనే మామూలు రకానికి మార్చి చూడండి. బ్లూటూత్‌ను పాటలకు ఉంచుకోండి. సినిమాకు వాడితే పెదాలు ముందు కదిలి మాట వెనక రావచ్చు.

చివరిది, షాపు సౌండ్. అది ఇంట్లో రాదన్నది నిజమే. హన్మకొండ చౌరస్తాలో ఏ షాపుకెళ్లినా బేస్ దంచే పాట పెట్టి ఫుల్ వాల్యూమ్‌లో వినిపిస్తారు. ఆ పాట ఆపించి, వార్తల ఛానల్ పెట్టించి, వాల్యూమ్ బాగా తగ్గించి వినండి. న్యూస్ రీడర్ మాట విడివిడిగా వినిపిస్తే అప్పుడు బేరం మొదలుపెట్టండి.