గోడకు వేలాడే ఫార్మసిస్టు

బి.ఫార్మసీ పూర్తిచేసి ఇంటికొచ్చిన నెల తిరక్కుండానే మొదటి ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పక్క మండలంలో కొత్తగా మెడికల్ షాపు పెడుతున్న ఒక పెద్దాయన, ఎవరో చెబితే విని మా ఇంటికొచ్చాడు. కాఫీ తాగి అసలు సంగతి చెప్పాడు. నేను షాపుకి రానక్కర్లేదు. సర్టిఫికెట్ ఇస్తే చాలు, ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంటాడు. నెలనెలా కొంత డబ్బు పంపిస్తాడు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు మాత్రం కబురు చేస్తాడు, తెల్లకోటు వేసుకుని వచ్చి కూర్చోవాలి. "నువ్వు ఇంకో ఉద్యోగం కూడా చేసుకోవచ్చు బాబూ" అన్నాడు పోతూ పోతూ. మా నాన్న కాస్త మెత్తబడ్డారు కూడా. నేను ఒప్పుకోలేదు. నీతి కన్నా భయమే ఎక్కువ పనిచేసింది.

ఇలాంటి బేరం చూడకపోయినా, కనీసం వినని ఫార్మసీ విద్యార్థి మన రెండు రాష్ట్రాల్లో అరుదు. అందుకే ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఎవరైనా ఫోన్ చేసి "మా అమ్మాయిని ఫార్మ్-డిలో చేర్పించమంటారా?" అని అడిగితే నాకు సిలబస్ కన్నా ముందు ఆ గోడే గుర్తొస్తుంది.

ఆ ఫోన్లు చేసేవాళ్లలో చాలామంది ఇళ్లలో కథ ఒకటే. ఇంటర్ బైపీసీ, నీట్, తర్వాత ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్, అయినా ఎంబీబీఎస్ సీటు అందలేదు. అప్పుడు ఎవరో చెబుతారు, ఫార్మ్-డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) అని ఆరేళ్ల కోర్సు ఒకటుంది, అది చదివినా పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చు అని. అబద్ధమేం కాదు. అలా రాసుకోవచ్చని ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియానే చెప్పింది. కానీ ఆ రెండక్షరాల కోసం చేరిన పిల్లలే ఐదో ఏడాదికి వచ్చేసరికి ఎక్కువ కుంగిపోతారు. వార్డులో నిజం డాక్టరు పక్కన నిలబడ్డప్పుడు ఆ అక్షరాల బరువెంతో తెలిసిపోతుంది.

చదువులో లోపం ఉందని నేననను. 2008లో మన దేశంలో మొదలైన ఈ కోర్సుని కాగితం మీద బాగానే అల్లారు. ఐదేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకి మొదటి ఏడాది జీవశాస్త్రం చెబుతారు, బైపీసీ వాళ్లకి లెక్కలు. లెక్కల్ని తప్పించుకోవడానికే బైపీసీ తీసుకున్న పిల్లల మొహాలు ఆ క్లాసులో చూడాలి. ఏ జబ్బుకి ఏ మందు, ఎంత, ఎవరికి ఇవ్వకూడదు అనే ఫార్మకోథెరప్యూటిక్స్ రెండో ఏడాది మొదలై మూడేళ్లపాటు నడుస్తుంది. మందు ఒంట్లోకి వెళ్లాక రక్తంలో ఎంత చేరుతుంది, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకి మోతాదు ఎలా తగ్గించాలి అన్నది లెక్క కట్టి మరీ నేర్పుతారు. చివరి ఏడాది ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, మిగతా ఆరు నెలలు మరో మూడు విభాగాల్లో రెండేసి నెలలు ఉండాలి. కోర్సు నడపాలంటే 300 పడకల ఆసుపత్రి ఉండాలన్నది నిబంధన.

ఈ చదువు పనికొచ్చే చోటు మన ఇళ్లలోనే ఉంది. మా అత్తయ్య పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. పది నిమిషాలకి కాల్షియం మాత్ర కూడా. రెంటికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలని, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగ్గా పట్టదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చిన (అంటే మందు చాలడం లేదనిపించిన) ప్రతిసారీ డాక్టరు మోతాదు పెంచుతూ పోయారు. జ్వరానికో మాత్ర, జలుబుకో మాత్ర, ఒళ్లు నొప్పులకి ఇంకోటి కొనుక్కునే మనిషికి, మూడింటిలోనూ పారాసెటమాల్ ఉండొచ్చని తెలియదు. గుండె వాల్వు మార్పించుకుని రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే మనిషి విరేచనాలయ్యాయని షాపులో మెట్రోనిడజోల్ అడిగి తెచ్చుకుంటే రక్తస్రావం దాకా పోవచ్చు. డాక్టరు దగ్గర మనకి దొరికేది నాలుగు నిమిషాలు. ఇవన్నీ అడగాల్సింది, చెప్పాల్సింది కౌంటర్ వెనక మనిషి.

ఆ మనిషి అక్కడ ఉండడు. ఆయన సర్టిఫికెట్ ఉంటుంది.

చట్టం ఇలా ఉండమనలేదు. డాక్టరు రాసిన చీటీ మీద మందు ఇవ్వడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు చేతుల మీదుగానో, ఆయన స్వయంగా చూస్తుండగానో జరగాలని 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ నిబంధన చెబుతుంది. 1948 ఫార్మసీ చట్టంలో 42వ సెక్షన్ మరో అడుగు వేసి, ఫార్మసిస్టు కానివాళ్లు మందు ఇవ్వడం నేరమంది. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 వచ్చింది. ముఖ్యమైన యాంటీబయాటిక్స్, టీబీ మందులు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో విడిగా పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలి. రోగికి మందు వాడే తీరు చెప్పడం ఫార్మసిస్టు బాధ్యతేనని 2015 ప్రాక్టీస్ నిబంధనలు రాసిపెట్టాయి. ఇన్ని ఉన్నా తనిఖీ దగ్గరకొచ్చేసరికి అడిగేది లైసెన్సు, సర్టిఫికెట్, బిల్లులు. పదో తరగతి తప్పి షాపులో చేరిన కుర్రాడే చీటీ చదువుతాడు. పాపం ఆ కుర్రాడు డాక్టర్ల రాత చదవడంలో నాకన్నా నేర్పరి, అది వేరే సంగతి.

షాపుల వాళ్ల మాటా వినాలి. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద రిటైలర్‌కి దక్కే మార్జిన్ 16 శాతం. అందులోంచి అద్దె, కరెంటు, కాలం తీరిన మందుల నష్టం పోగా పట్టభద్రుడికి జీతం ఎక్కడినుంచి తెచ్చివ్వాలని వాళ్ల ప్రశ్న. చిన్న ఊళ్లలో ఇది నిజమైన ఇబ్బందే. మరి పట్నంలో ఎంఆర్‌పీ మీద 20 శాతం తగ్గింపు బోర్డు కట్టే షాపుకి కూడా ఫార్మసిస్టు జీతమే బరువైందంటే నేను నమ్మలేను. మహారాష్ట్రలో 2012 ప్రాంతంలో అధికారులు ఫార్మసిస్టు లేని షాపుల మీద గట్టిగా పడ్డారు. వర్తకులు ఆందోళనకి దిగారు. నిబంధన కాగితం దాటి బయటికొస్తే ఎంత గొడవవుతుందో అప్పుడు తెలిసింది.

ఈ గోడ ముందు రెండేళ్ల చదువుకీ ఆరేళ్ల చదువుకీ తేడా లేదు. డి.ఫార్మసీ, బి.ఫార్మసీ, ఫార్మ్-డి ముగ్గురి పేర్లూ రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్‌లో ఒకే వరుసలో ఎక్కుతాయి. అద్దె బేరంలో అయితే డి.ఫార్మసీ సర్టిఫికెట్టే చవక. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గ్రేడ్-2 ఫార్మసిస్టు పోస్టుకి కూడా డి.ఫార్మసీ చాలు. రోగి మంచం పక్కన పనిచేయడానికి ఆరేళ్లు తయారుచేసి, ఆ మంచం పక్కన పోస్టే సృష్టించలేదు. కొన్ని కార్పొరేట్ ఆసుపత్రులు క్లినికల్ ఫార్మసిస్టుల్ని పెట్టుకుంటున్నాయి. ఏటా బయటికొచ్చే పిల్లలకి ఆ కుర్చీలు సరిపోవు.

మరి ఆరేళ్ల కోర్సు మన దగ్గర ఇంతగా ఎందుకు పాకింది? ఒక కారణం అమెరికా. 2003 జనవరి 1 తర్వాత పట్టా పొందిన విదేశీయులు అక్కడ ఫార్మసిస్టు అర్హతకి దరఖాస్తు చేయాలంటే కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు చదివి ఉండాలి. మన నాలుగేళ్ల బి.ఫార్మసీకి ఆ దారి మూసుకుపోయింది, ఫార్మ్-డికి తెరిచి ఉంది. అయితే తెరిచి ఉన్నది గేటు మాత్రమే. విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లకి పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్ష, ఇంగ్లిష్ కోసం టోఫెల్, వందల గంటల ఇంటర్న్‌షిప్, లైసెన్సు కోసం నాప్లెక్స్ పరీక్ష, చాలా రాష్ట్రాల్లో చట్టాల మీద ఇంకో పరీక్ష, వీటన్నిటికీ తోడు వీసా. ప్రాస్పెక్టస్‌లో గేటు ఫోటో పెద్దదిగా వేస్తారు.

మిగిలినవాళ్లు హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో మెడికల్ కోడింగ్, ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగాల్లో ఉన్నారు. అమెరికా రోగుల చికిత్సకి బిల్లు కోడ్లు వేస్తారు, లేదా ఎక్కడో ఎవరికో మందు పడక దద్దుర్లొస్తే ఆ రిపోర్టు నింపుతారు. గౌరవమైన పనులే, జీతం టైముకి వస్తుంది. నా బాధల్లా ఇదీ: దద్దుర్లొచ్చిన మన ఊరి మనిషి గురించి రిపోర్టు రాసేవాళ్లు అంతగా లేరు. మన దేశానికీ 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. అందులో ఫార్మసిస్టు కూడా రిపోర్టు పంపొచ్చు.

తయారీ రంగం కథ కొంచెం మెరుగు. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వేసిన విత్తనం వల్ల హైదరాబాద్ చుట్టూ, తర్వాత విశాఖ దగ్గరి పరవాడ దాకా పరిశ్రమ అల్లుకుంది. కెమిస్ట్రీ ఎమ్మెస్సీల పోటీ ఉన్నా బి.ఫార్మసీ, ఎం.ఫార్మసీ వాళ్లకి అక్కడ చోటుంది. షిఫ్టులు కష్టం, మొదటి జీతం చిన్నది, కానీ చదివిన చదువు చేతిలోకొస్తుంది.

ఇదంతా చూసి సీట్లు తగ్గించాలనే వాళ్లున్నారు. కొత్త డి.ఫార్మసీ, బి.ఫార్మసీ కాలేజీలు ఐదేళ్లు వద్దని ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019లో తీర్మానించింది. కాలేజీలు కోర్టుకెళ్లాయి. తీర్మానంతో అలా ఆపడం కుదరదని 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. సీట్ల లెక్క సర్దినా గోడ మీది ఫ్రేము కదలదని నా అభిప్రాయం. షాపులో ఫార్మసిస్టు హాజరుని బయోమెట్రిక్‌తో పట్టండి, ఒకే సర్టిఫికెట్ రెండు చోట్ల కనపడకుండా ఆధార్‌తో ముడిపెట్టండి, జిల్లా ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు మంజూరు చేయండి. రేషన్ షాపులో వేలిముద్ర తీసుకోగలిగిన ప్రభుత్వాలకి ఇది చేతకాని పనేమీ కాదు.

అవి వచ్చేలోపు కూడా కౌన్సెలింగ్‌లు జరుగుతూనే ఉంటాయి కాబట్టి, ఫోన్ చేసేవాళ్లకి నేను చెప్పేది ఒకటుంది. కాలేజీ బిల్డింగ్ చూడకండి. ఆ కాలేజీ చూపించే ఆసుపత్రికి పొద్దున పదింటికి, రౌండ్స్ టైములో వెళ్లండి. మెడిసిన్ వార్డులో సిస్టర్‌ని "ఫార్మ్-డి పిల్లలు ఎక్కడుంటారమ్మా?" అని అడగండి. డాక్టరు వెనకాల కేస్ షీట్ పట్టుకున్న గుంపుని చూపిస్తే సీటు గురించి ఆలోచించండి. "వాళ్లెవరండీ?" అని ఆవిడ తిరిగి మిమ్మల్నే అడిగితే, ఆ కాలేజీ కోడ్ ఆప్షన్లలో పెట్టకండి.