అరవై ఒకటో పురుగు

మా వాడికి మొన్న జులైలో ఐదేళ్ళు నిండాయి. నాలుగో పుట్టినరోజు దాకా ఏం కావాలో మేమే అనుకునేవాళ్ళం, మేమే చేసేవాళ్ళం, ఫొటోల్లో వాడు ఏడుస్తూ ఉండేవాడు. ఈసారి వాణ్ణే అడుగుదామని "పార్టీ ఎలా కావాలి నాన్నా?" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పురుగుల పార్టీ" అన్నాడు.

తప్పు ఆరుద్ర కార్తెది. జూన్ ఆఖర్లో మెదక్ దగ్గర మా పిన్ని వాళ్ళ ఊరు వెళ్ళాం. ముందురోజు రాత్రి వాన పడింది. పొద్దున్నే చేలో చూస్తే, తడి మట్టి మీద ఎవరో ఎర్ర మఖమల్ గుండీలు చల్లిపోయినట్టు ఆరుద్ర పురుగులు. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని, మాకేం తెలీదన్నట్టు పడుంటాయి. మా వాడు గంటసేపు అక్కణ్ణించి కదల్లేదు. చివరికి వచ్చి "అమ్మా, దీనికి ఎనిమిది కాళ్ళు. కీటకానికి ఆరే ఉంటాయి. ఇది కీటకం కాదు" అని తీర్పు చెప్పాడు. నిజమే, అది సాలీడు వైపు చుట్టం. అప్పట్నుంచి మా ఇంట్లో ఏది పాకుతూ కనిపించినా ముందు కాళ్ళు లెక్కపెట్టాలి, ఆ తర్వాతే చెప్పు ఎత్తాలి. ఈలోగా అది ఫ్రిజ్ కిందికి వెళ్ళిపోతుంది. ఈ ఒక్క నియమం వల్ల మా ఇంట్లో బొద్దింకల సంసారాలు ఎంత చల్లగా సాగాయో నాకు తర్వాత తెలిసింది.

పార్టీ మాట వినగానే అత్తయ్యగారు చేటలో బియ్యం ఆపేశారు. "పుట్టినరోజు పూట పురుగులేంటే తల్లీ! బియ్యంలో ఒక్కటి కనబడితేనే ఎండబోస్తాం" అన్నారు. మా ఆయన సాఫ్ట్‌వేర్. "ఆఫీసులో రోజంతా బగ్స్ ఏరి ఇంటికొస్తే ఇంట్లోనూ అవేనా" అని ఒక్క మాటని, ఆ జోకు తనకే బాగా నచ్చి, పార్టీ అయ్యేదాకా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పారు. పనికొచ్చే మాట అన్నది యాదమ్మ ఒక్కతే. "ఏందమ్మా, ఇంట్ల ఉన్నయి సాల్తలేవా? పైసలిచ్చి కొంటున్రా?" అంది. అప్పుడు నవ్వేశాను.

కొన్నాను. ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ పురుగుల ప్యాకెట్. 12 రకాలు, రకానికి ఐదు. బొద్దింక, చీమ, ఈగ, మిడత, తూనీగ, కందిరీగ, గొంగళి, పేడపురుగు, ఎర్ర చుక్కల లేడీబగ్, వీటితోపాటు కీటకాలు కాకపోయినా కలిపేసిన సాలీడు, తేలు, జెర్రి. మొత్తం 60 అని మావయ్యగారు ప్యాకెట్ విప్పకముందే చెప్పేశారు. ఆయన 36 ఏళ్ళు లెక్కల మాస్టారు. రిటైరయ్యాక లెక్కపెట్టడానికి పిల్లలు లేక, మెట్లూ కరెంటు స్తంభాలూ లెక్కపెడుతుంటారు.

అసలు అనుకున్నది కింద గడ్డిలో, చెట్ల దగ్గర. మూడు రోజులు వదలని ముసురు. దాంతో పార్టీ హాల్లోకి వచ్చింది. మా హాలు, సోఫా తీసేస్తే, 14 మంది పిల్లలు పడతారు; పరిగెత్తకపోతే. అడవిలా ఉండాలని ట్యూబులైట్లకి ఆకుపచ్చ జిలెటిన్ పేపర్ చుట్టాను. చూడ్డానికి నిజంగానే అడవిలా ఉంది. అంటే, ఏదీ సరిగ్గా కనబడదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ముందురోజు రాత్రి 11 గంటలకి, అందరూ పడుకున్నాక, 60 పురుగుల్నీ ఇల్లంతా దాచాను. కర్టెన్ల మడతల్లో, ఫొటోల వెనక, వంటింట్లో సిలిండర్ పక్కన, పూలకుండీలో. ఎక్కడెక్కడ దాచానో కాగితం మీద రాసుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. ఇప్పుడు వస్తోంది.

మర్నాడు మధ్యాహ్నం కేక్ వచ్చింది. బేకరీ అబ్బాయికి ఫోన్లో "బగ్ కేక్, ఎరుపు మీద నల్ల చుక్కలు" అని రెండుసార్లు చెప్పాను. డబ్బా మూత తీస్తే, ఎరుపు మీద నల్ల చుక్కలున్న హ్యాండ్‌బ్యాగ్. క్రీముతో జిప్పు, పైన వంకీ తిరిగిన పిడి. ఫోన్ చేసి అడిగితే "బ్యాగే కదండీ చెప్పారు" అన్నాడు. పనితనం మాత్రం బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. అత్తయ్యగారు అటూ ఇటూ చూసి, కత్తితో పిడిని మధ్యలో కోసి, రెండు కొసల్నీ పైకి లేపారు. మీసాలు వచ్చాయి! మా వాడు కాసేపు చూసి "ఇది ఏ పురుగు?" అన్నాడు. "సంచి పురుగు" అన్నారు మావయ్యగారు తడుముకోకుండా. వాడు నమ్మాడు. కాళ్ళు మాత్రం లేవన్నాడు. ఆరు అగరొత్తి పుల్లలు గుచ్చాం.

తిండి కూడా పురుగుల తిండే. చిన్న ఇడ్లీలు వరసగా పేర్చి, కొత్తిమీర చట్నీ పూసి, ముందు ఇడ్లీకి రెండు మిరియాలు కళ్ళు పెడితే గొంగళి. గింజ తీసిన ఖర్జూరంలో బాదం పలుకు పెట్టి, సేమ్యా పుల్లలు రెండు గుచ్చితే బొద్దింక. ఖర్జూరాల్ని నేను మరీ బాగా చేశానేమో, ఒక్కరూ తినలేదు. గొంగళి కూడా "కళ్ళు చూస్తోంది ఆంటీ" అని ఒక పిల్ల ఏడ్చేదాకా అలాగే ఉంది. అత్తయ్యగారు మిరియాలు తీసేసి "గుడ్డి గొంగళమ్మా, తిను" అన్నారు. ఏడుపు పెరిగింది.

అంతలో మా వాడు కుర్చీ ఎక్కి "సీతాకోకచిలుక కాళ్ళతో రుచి చూస్తుంది!" అని అందరికీ చాటాడు. వాడు చెప్పింది నిజమే. కానీ అప్పటికే ముగ్గురు అమ్మాయిలు రెక్కలు కట్టుకుని ఉన్నారు. ఆ ముగ్గురిలో చిన్నది సాక్సు విప్పి, చట్నీ గిన్నెలో కుడికాలు పెట్టి, కాసేపు నిలబడి, "కారం" అంది.

ఇక వేట. ఎవరు పట్టిన పురుగులు వాళ్ళవే. అదే రిటర్న్ గిఫ్ట్, దాంతోపాటు ఒక భూతద్దం. గుమ్మం దగ్గర మావయ్యగారు నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నారు. పిల్లలు పురుగు తెచ్చి చూపించాలి, ఆయన గీత గీయాలి, నాలుగు నిలువు గీతల మీద ఐదోది అడ్డం, పురుగు పిల్ల పేరున్న కాగితం సంచిలో పడాలి. పకడ్బందీ ఏర్పాటే. కాకపోతే అప్పటికే తూనీగ వేషం వేసిన బాబు, తూనీగకి తలంతా కళ్ళేనని మా వాడు చెప్పగా, మావయ్యగారి చత్వారపు కళ్ళద్దాలు లాక్కుని పెట్టుకున్నాడు. ఆకుపచ్చ వెలుతురు, అద్దాల్లేని కళ్ళు. ఆయన ఎత్తిన చేతికల్లా గీత గీశారు.

14 మంది పిల్లలు ఇల్లు వెతకడమంటే ఏమిటో నేను అంతకుముందు చూడలేదు. పండక్కి కూడా మేం జరపని ఫ్రిజ్‌ని జరిపారు. సింకు కింద దూరారు. పాత పేపర్ల కట్ట విప్పారు. ఏడేళ్ళుగా కనబడని నా వెండి మెట్టె ఒకటి దొరికింది, దానికీ మావయ్యగారు గీత గీయబోతే నేను లాక్కున్నాను.

ఇటు మా ఆయన తండ్రులందరినీ బాల్కనీలో నిలబెట్టి, 1947లో హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో రెక్కల పురుగు ఇరుక్కుంటే, ఇంజనీర్లు దాన్ని తీసి లాగ్‌బుక్‌లో టేపు వేసి అంటించి, నిజంగా బగ్ దొరకడం ఇదే మొదటిసారని పక్కన రాసుకున్న కథ చెబుతున్నారు. మంచి కథే. వాళ్ళకి దొరికింది ఒక్కటి. అయినా ఎంత పద్ధతిగా లెక్క రాసిపెట్టారో చూడండి.

అప్పుడే నాలుగో అంతస్తు ఆవిడ తన కూతురి సంచిలోకి తొంగి చూసి "ఎక్కడ కొన్నారండీ ఇవి? ఎంత నేచురల్‌గా ఉన్నాయో! మీసాలు కూడా కదులుతున్నాయి. బ్యాటరీవా?" అంది. నేను పొంగిపోయి "ఆన్‌లైన్‌లోనండీ, కొంచెం ఖరీదు ఎక్కువే" అన్నాను.

వేట ముగిసింది. మావయ్యగారు గీతలు లెక్కపెట్టారు. ఐదేసి గీతల కట్టలు 12. పక్కన ఒంటరిగా ఒక గీత. మళ్ళీ లెక్కపెట్టారు. 61. "ప్యాకెట్‌లో ఒకటి ఎక్కువ వేసుంటాడు" అన్నాను నేను. ఎక్కువ వేసే వ్యాపారిని తన జన్మలో చూడలేదన్నారు ఆయన. అప్పటికి పిల్లలు సంచులు మూతి కట్టుకుని, ఊపుకుంటూ లిఫ్ట్ ఎక్కేశారు.

రాత్రి తొమ్మిదింటికి జిలెటిన్ పేపర్లు పీకి, సోఫా లోపలికి తెచ్చి, అలసిపోయి ఫ్యాన్ వేశాను. ఫ్యాన్ రెక్క మీంచి ఒక ప్లాస్టిక్ మిడత ఎగిరి అత్తయ్యగారి ఒళ్ళో పడింది. ఆవిడ కేక సంగతి వదిలేయండి. మావయ్యగారు ఆ మిడతని చేతిలోకి తీసుకుని, ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని, చాలాసేపు చూశారు. తర్వాత నోట్‌బుక్ తెప్పించారు.

"అమ్మాయ్, 60లో ఒకటి ఇక్కడే ఉంది. అంటే పిల్లలు పట్టుకెళ్ళిన 61లో ప్లాస్టిక్‌వి 59. మిగతా రెండూ ఏమిటి?"

ఎవరూ మాట్లాడలేదు. నాకు బ్యాటరీ గుర్తొచ్చింది.

మర్నాడు యాదమ్మ మాపు కర్ర గుడ్డలో ఈగ దొరికింది. మావయ్యగారు లోపల్నుంచి "మూడు" అన్నారు. దేవుడి గూట్లో వినాయకుడి వెనక తేలు. "నాలుగు." దాన్ని చూసి అత్తయ్యగారు రెండు పూటలు ఆ గదిలోకి వెళ్ళలేదు, దీపం మా ఆయనే పెట్టారు. గోడ గడియారం వెనక సాలీడు, మా ఆయన షూలో కందిరీగ. ప్రతి ప్లాస్టిక్ పురుగు దొరికినప్పుడల్లా మా ఇంటి నుంచి ఇంకో ప్రాణి రంగు కాగితం సంచిలో, రిబ్బను కట్టుకుని, భూతద్దంతో సహా వెళ్ళిందన్నమాట. ఆరు దొరికేసరికి లెక్క ఏడుకి వచ్చింది. దాని మీద మా వాడు, పుస్తకంలో చూసి, వంటింట్లో తిరిగే చిన్న బొద్దింక ఒక్క గుడ్ల సంచిలో 30 నుంచి 40 గుడ్లు పెడుతుందని చెప్పాడు. మావయ్యగారు హెచ్చవేత మొదలుపెడితే నేనే నోట్‌బుక్ తీసి దాచాను. ఎక్కడ దాచానో ఈసారి రాసుకున్నాను.

మూడు వారాలకి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో నాలుగో అంతస్తు ఆవిడ: "మా ఫ్లాట్‌లో ఎప్పుడూ లేనిది బొద్దింకలు. ఇంకెవరికైనా ఉన్నాయా?" వరసగా ఎవరెవరో "మాకూ", "మాకూ". ఆ పేర్లన్నీ నేను జులైలో కాగితం సంచుల మీద స్కెచ్ పెన్‌తో రాసిన పిల్లల అమ్మలవి. అందరూ కలిసి పెస్ట్ కంట్రోల్ చేయిద్దామన్నారు. నేను బొటనవేలు పెట్టాను. మా వాటా కంటే కొంచెం ఎక్కువే ఇద్దామని మా ఆయనతో అంటే, "ఎందుకు, ఒప్పుకున్నట్టు ఉంటుంది" అన్నారు.

దసరాకి ఇల్లు దులుపుతుంటే మావయ్యగారు నా వెనకాలే తిరిగారు. "అమ్మాయ్, మరీ మూలమూలలా వెతక్కమ్మా. దొరికినకొద్దీ మనకే నష్టం" అన్నారు గొంతు తగ్గించి. పైపైన దులిపాను. ఆఖర్న అటక మీది ఇత్తడి గంగాళం జరిపితే, దాని వెనక గోధుమరంగుగా, నిగనిగలాడుతూ, కదలకుండా ఒక బొద్దింక. గుండె జారిపోయింది. ఏడు ప్లాస్టిక్‌వంటే అటు ఎనిమిది. కింద మావయ్యగారు "ఏమైందమ్మా?" అంటున్నారు. ఏం చెప్పాలో తోచక వేలితో మెల్లిగా తాకాను.

మీసాలు కదిలాయి.

"ఏం లేదు మావయ్యగారూ" అన్నాను, ప్రాణం లేచొచ్చి. "నిజం బొద్దింకే!"