అరవకపోతే అవలాంచ్ రాదా?

డిసెంబరు వచ్చిందంటే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ ట్రెక్కులకు బయల్దేరే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారాంశం ఇది: మంచు కొండల్లో గట్టిగా అరవొద్దు, శబ్దానికే మంచు చరియలు విరిగిపడతాయి (అవలాంచ్ అంటే అదే), మంచు కురిశాక ఒక రోజు ఎండ కాస్తే ఇక భయం లేదు, ముందు వెళ్ళినవాళ్ళ అడుగుల్లో నడిస్తే క్షేమం, కూరుకుపోయినా రెస్క్యూ వాళ్ళు వచ్చి తీస్తారు. చదివితే జాగ్రత్తలు చెప్పినట్టే ఉంటుంది. వీటిలో ఏ ఒక్కదాన్ని నమ్ముకుని కొండెక్కినా ప్రాణం మీదికి వస్తుంది.

ముందు శబ్దం సంగతి. మనిషి అరుపు వల్ల గాలిలో పుట్టే ఒత్తిడి మంచు పొరను విరగ్గొట్టడానికి ఏ మూలకూ చాలదు. స్విట్జర్లాండ్ పరిశోధకులు 2009లో లెక్కలు కట్టి మరీ ఈ మాట చెప్పారు. మరి బాంబులు పేల్చి చరియల్ని దించుతారు కదా అంటే, అక్కడ పని చేసేది పేలుడు ఒత్తిడి, చప్పుడు కాదు. అసలు భయపడాల్సింది మన బరువుకు. సరదాకి కొండలకు వెళ్ళినవాళ్ళు అవలాంచ్‌లో చిక్కుకున్న ప్రమాదాల్లో సుమారు 90 శాతం, వాళ్ళో వాళ్ళ జట్టులోని వాళ్ళో అడుగు వేయబట్టి జరిగినవే. పైగా ఈ అపోహ వల్ల ఇంకో కీడు ఉంది. పైన మంచు కదలడం చూసినవాడు తోటివాళ్ళను హెచ్చరించడానికి నోరు తెరవడు. అప్పుడు అరవాలి, గొంతు చించుకుని అరవాలి.

చెవి ఒగ్గి వినాల్సిన శబ్దం వేరే ఉంది. నడుస్తుంటే కాళ్ళ కింద 'వుమ్' అని బరువుగా వినిపిస్తుంది, మంచు అంతా ఒక్కసారి కొద్దిగా దిగినట్టు తెలుస్తుంది, అడుగు దగ్గర్నుంచి సన్నటి చీలిక దూరంగా పరుగెడుతుంది. లోపలి పొర కూలిందని అర్థం. వాలు మీద అది వినిపిస్తే ఇక ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు.

ఒక రోజు ఆగితే చాలన్న మాటలో సగం నిజం ఉంది. కొత్త మంచు పడిన ఒకటి రెండు రోజుల్లో ముప్పు ఎక్కువ. కానీ ఆ తర్వాత పూర్తిగా పోతుందనుకోవడం తప్పు. నేలను ఆనుకున్న మంచు దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆకాశం తేటగా ఉన్న చలి రాత్రుల్లో పైభాగం మాత్రం మైనస్ పదిహేనుకు పడిపోవచ్చు. మంచు మందం తక్కువైతే ఈ తేడా ఇంకా తీవ్రం. అప్పుడు అడుగున ఉన్న ఆవిరి పైకి పాకుతూ, మంచు రేణువుల్ని పంచదార పలుకుల్లా మార్చేస్తుంది. చేతిలోకి తీసుకుంటే ఒకదానికొకటి అతుక్కోవు, వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. ఆ పొర మీద గట్టి పలకలా కొత్త మంచు పేరుకుంటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఈ బలహీనత వారాల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి అలాగే ఉంటుంది. అందుకే 'ఈ ఏడాది మంచు తక్కువే, భయం లేదు' అనే మాట వింటే నాకు మరీ టెన్షన్.

అడుగుజాడలు కూడా భరోసా కాదు. పలక అన్ని చోట్లా ఒకే మందం ఉండదు. తొమ్మిది మంది దాటాక పదోవాడి కాలు పలచని చోట పడవచ్చు. చూడాల్సింది వాలు: ఎక్కువ పలకలు జారేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య. కొలిచే యాప్ ఫోన్లోనే దొరుకుతుంది. మనం సమతలం మీదున్నా పైన అలాంటి వాలు ఉంటే ముప్పే. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గ్యాంగ్‌టాక్ నుంచి నాథులా వెళ్ళే దారిలో ఏడుగురు పర్యాటకులు అలాగే చనిపోయారు. గైడ్ ఉన్నాడుగా అనీ అనుకోవద్దు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డండా-2 శిఖరం మీద అవలాంచ్‌లో చిక్కుకున్నది పర్వతారోహణ శిక్షణ బృందమే. చనిపోయినవాళ్ళలో ఆ ఏడాదే ఎవరెస్టు, మకాలు శిఖరాలు ఎక్కిన శిక్షకురాలు సవితా కన్స్వాల్ ఉన్నారు.

ఇక రెస్క్యూ. చాలామంది సియాచిన్ ఉదాహరణ చెబుతారు. 2016 ఫిబ్రవరిలో అక్కడ అవలాంచ్‌లో కూరుకుపోయిన సైనికుడు లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణంతో దొరికారు, నిజమే. కానీ ఆయన కూడా ఫిబ్రవరి 11న ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయనతో పాటు కూరుకుపోయిన తొమ్మిది మంది మంచులోనే చనిపోయారు, వాళ్ళలో మన ఉమ్మడి కర్నూలు జిల్లా సైనికుడూ ఉన్నాడు. మామూలుగా మొదటి పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తేనే ఎక్కువ మంది బతుకుతారు. అరగంట దాటితే మూడింట ఒక వంతు మందే. చరియ ఆగిన మరుక్షణం మంచు బిగుసుకుపోతుంది, సొంతంగా వేలు కూడా కదపలేరు. హెలికాప్టర్ వచ్చేలోగా ఆ సమయం దాటిపోతుంది. కాబట్టి తీయాల్సింది పక్కనున్న తోటివాళ్ళే. అందుకు ప్రతి ఒక్కరి ఒంటి మీద ట్రాన్సీవర్ (కూరుకుపోయినవాళ్ళు ఎక్కడున్నారో రేడియో సంకేతాలతో పట్టిచ్చే చిన్న పరికరం), సంచిలో మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కర్ర, పార ఉండాలి, వాటిని వాడటం ముందే సాధన చేసి ఉండాలి.

డబ్బు కట్టే ముందు ట్రెక్ ఆపరేటర్‌ను ఇవే అడగండి: ఈ మూడూ ఇస్తారా, నేర్పుతారా? చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ చలికాలంలో ఇచ్చే అవలాంచ్ హెచ్చరికలు చూస్తారా? ప్రమాద స్థాయి పెరిగితే దారి మారుస్తారా, ట్రిప్పు ఆపేస్తారా? 'ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఏం కాలేదండీ' అన్నదే సమాధానమైతే, వాళ్ళతో వెళ్ళకండి.