కిటికీలు తెరవలేని ఇల్లు

పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ, హల్దీ నదులు కలిసే చోట ఉన్న హల్దియాలో 1975 నుంచి చమురు శుద్ధి కర్మాగారం నడుస్తోంది. ఇక్కడి ఉద్యోగాలూ, అద్దెలూ, ఇళ్ల ధరలూ దాని చుట్టూనే తిరుగుతాయి. కాకినాడ నుంచి వచ్చి పన్నెండేళ్లు అద్దె ఇళ్లలో గడిపిన మేము, దాచుకున్నదంతా పెట్టి, బ్యాంకు అప్పు కూడా తీసుకుని ఒక ఫ్లాటు కొన్నాం. బ్రోకరు దాన్ని డిసెంబరులో, ఉత్తరపు గాలి వీచే రోజుల్లో చూపించాడు. ఎండలు ముదిరి దక్షిణపు గాలి తిరిగాక గానీ, కుళ్లిన కోడిగుడ్డు వాసన పడకగదిలోకి వస్తుందని మాకు తెలియలేదు. ఆరేసిన తెల్ల పంచె మీద సాయంత్రానికి నల్లటి నుసి చేరుతుంది. దులిపితే పోదు, చారలా సాగుతుంది. రాత్రి కర్మాగారం గొట్టం మీద మంట ఎగసినప్పుడు గోడంతా నారింజ రంగుకు తిరిగి, పాప ఉలిక్కిపడి లేస్తుంది. కాలుష్యం కారణంగా 2010లో కేంద్రం ఇక్కడ కొత్త పరిశ్రమలకు అనుమతులు కొంతకాలం నిలిపివేసిందన్న సంగతి కూడా, రిజిస్ట్రేషన్ అయ్యాక పక్కింటివారు చెబితేనే తెలిసింది. అమ్ముదామంటే, కొనేవారిని చలికాలంలోనే రమ్మనమని ఆ బ్రోకరే సలహా ఇస్తున్నాడు. మరో కుటుంబాన్ని అలా మోసగించడానికి నాకు మనసొప్పడం లేదు, ప్రతినెలా వాయిదా మాత్రం కట్టక తప్పడం లేదు.