చావలేదుగా, పక్కకెళ్లాయంతే అంటారా?

ఆర్కిటిక్‌లో మంచు కరిగి కొత్త ఓడదారి తెరుచుకుంటోందని వార్త వస్తే చాలు, మన చర్చల్లో ఒకటే సంబరం. దూరం తగ్గుతుంది, ఇంధనం ఆదా, సరుకు త్వరగా చేరుతుంది. రష్యాతో కలిసి ఈ దారి సంగతి చూడ్డానికి 2024లో మనవాళ్లు ఒక వర్కింగ్ గ్రూపు కూడా పెట్టుకున్నారు. ఆ నీళ్లలో ఇప్పటికే కాపురం ఉన్న తిమింగలాల ఊసు, ఓడల మోతతో వాటికొచ్చే తిప్పల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. మోత పడలేక అవి ఖాళీ చేసిపోయాయంటే, చావలేదుగా, పక్కకెళ్లాయంతే అంటారు.

అక్కడ కళ్లతో పెద్దగా పని జరగదు. నెలల తరబడి చీకటి, నెత్తిన మంచు. నార్వాల్, బెలూగా తిమింగలాలు టకటకమని శబ్దాలు వదిలి, అవి తగిలి తిరిగొచ్చే తీరును బట్టి చేపల్ని పట్టుకుంటాయి. బోహెడ్ తిమింగలాలైతే ఏకంగా పాడతాయి. గ్రీన్‌లాండ్‌కీ నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌కీ మధ్య మూడేళ్ల రికార్డింగుల్లో 184 రకాల పాటలు దొరికాయి! చిక్కేమిటంటే, ఆర్కిటిక్‌లో పైనీరు బాగా చల్లన కాబట్టి శబ్దం లోతుకు పోకుండా పైకే వంగుతుంది. ఓడ ప్రొపెల్లర్ మోత కూడా ఆ పైపొరలోనే చాలా దూరం పోతుంది. ఊపిరి కోసం తిమింగలాలు రావాల్సిందీ అక్కడికే.

ఈ తిమింగలాల తీరు అక్కడి తీరం వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. వాళ్ల మాట వినేవాళ్లే తక్కువ. 1977లో అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ అలాస్కా ఆదివాసులైన ఇనుపియట్‌లను బోహెడ్ వేట పూర్తిగా ఆపేయమంది, తర్వాత చిన్న కోటాకు దిగింది. తిమింగలాలు రెండు వేలు కూడా లేవని కమిషన్ లెక్క. మంచు అంచున నిలబడి, కంటికి కనబడినవే లెక్కపెట్టారు మరి. మంచు కింద నుంచి కూడా పోతాయయ్యా అని వేటగాళ్లు మొత్తుకున్నారు. 1980ల్లో నీళ్లలోకి హైడ్రోఫోన్లు, అంటే నీటిలో పనిచేసే మైకులు, దింపి వింటే అదే నిజమని తేలింది.

ఇప్పుడు కెనడాకు రండి. బాఫిన్ దీవి ఉత్తరాన మేరీ రివర్ ఇనుప గని ఉంది. 2015 నుంచి ఆ ఖనిజం మిల్న్ ఇన్‌లెట్ రేవులో ఓడలకెక్కి, ఎక్లిప్స్ సౌండ్ అనే సముద్రపాయ మీదుగా బయటికి పోతోంది. అక్కడే పాండ్ ఇన్‌లెట్ అనే ఇన్యూట్ ఆదివాసుల ఊరు. వాళ్ల వేసవి తిండి నార్వాల్. 2013లో ఎక్లిప్స్ సౌండ్‌లో పది వేలకు పైగా ఉన్న నార్వాళ్లు 2021 సర్వేకి మూడు వేల లోపుకి పడిపోయాయి. అంతలో గని ఎగుమతిని రెట్టింపు చేస్తామని కంపెనీ అడిగింది. 2021 ఫిబ్రవరిలో వేటగాళ్లు గడ్డకట్టే చలిలో వెళ్లి, గని రోడ్డుకీ విమానాల రన్‌వేకీ అడ్డంగా దాదాపు వారం రోజులు కూర్చున్నారు. చివరికి 2022 నవంబర్లో ప్రభుత్వం ఆ విస్తరణను కాదంది. పాత అనుమతితో ఓడలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, అవేమీ చావలేదు, పక్కనున్న అడ్మిరల్టీ ఇన్‌లెట్‌కి వెళ్లాయి, అక్కడ సంఖ్య పెరిగింది కదా అనే వాదన దగ్గర. తిమింగలాల్ని వేటాడే ఓర్కాల భయం కావచ్చు, మంచు తీరు మారి ఉండవచ్చు అని కూడా అంటారు. కావచ్చు, కాదనను. కానీ మీ ఇంటి పక్కన రాత్రీపగలూ డీజే మోగి మీరు ఊరు ఖాళీ చేస్తే, బతికే ఉన్నారుగా అంటే ఊరుకుంటారా? ఉండలేక వదిలిపోయిన చోటు వాటికి పోయినట్టే. పాండ్ ఇన్‌లెట్ వాళ్ల కుండకీ పోయినట్టే. పైగా ఆ సర్వేల్లో చాలావరకు చేసింది కంపెనీ పెట్టుకున్న కన్సల్టెంట్లే.

చాలా కాలుష్యాల్లా కాదు, ఈ మోత ఇంజిన్ ఆపిన క్షణం ఆగిపోతుంది. చమురు ఒలికితే ఏళ్లు పడుతుంది, దీనికి అదేం లేదు. వేగం తగ్గించినా చాలా ఓడల మోత తగ్గుతుంది. అయినా అంతర్జాతీయ సముద్ర సంస్థ 2014లో ఇచ్చిన శబ్ద మార్గదర్శకాలు గానీ, 2023లో సవరించినవి గానీ పాటిస్తే పాటించండి, లేకపోతే లేదు అనే రకమే. ఇష్టమైతే పెట్టుకోమంటే మనలో ఎంతమంది హెల్మెట్ పెట్టుకుంటారో మీకు తెలియదా!

ఆ తీరాల దగ్గర వేగ పరిమితిని చట్టం చేయాలి. నీళ్లలో హైడ్రోఫోన్లు పెట్టి, మోత హద్దు దాటిన రోజు ఓడల్ని ఆపే అధికారం పాండ్ ఇన్‌లెట్ వేటగాళ్ల సంఘానికి ఇవ్వాలి. కంపెనీకి నష్టం వస్తుందంటారా? రానివ్వండి. ఇన్నాళ్లూ నష్టమంతా ఆ ఊరే భరించింది.