ఎదుగుదల ప్లాను: గడువు ఈ సాయంత్రం ఆరింటికి

ఉద్యోగులంతా తమ ఎదుగుదల ప్లాను, అంటే ఈ ఏడాది ఏమేం నేర్చుకుంటారో చెప్పే లక్ష్యాల పట్టిక, కంపెనీ పోర్టల్లో పెట్టాలని హెచ్‌ఆర్ మెయిలు ఏప్రిల్ మొదటివారంలోనే వస్తుంది. దాన్ని ఎవరూ తెరవరు. నెలాఖరు రోజు మధ్యాహ్నం నాలుగింటికి మేనేజరు టీమ్ గ్రూపులో ఎర్రరంగు పూసిన జాబితా పెట్టి, ‘ఇంకా ఏడుగురు పెండింగ్’ అంటాడు. అప్పుడు మొదలవుతుంది ఎదుగుదల.

మొదటి మెట్టు నిరుటి ప్లాను తెరవడం, రెండోది కాపీ, మూడోది పేస్టు. నాలుగోది సంవత్సరం మార్చడం. చాలామంది మూడో మెట్టు మీదే ఆగిపోతారు కాబట్టి 2025 ప్లానులో ‘2023 డిసెంబరుకల్లా క్లౌడ్ సర్టిఫికేషన్ పూర్తిచేస్తాను’ అని కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి నిరుడు లేదు గనక పక్కసీటులో అప్పడుగుతారు. పక్కసీటాయనది జావా, వీళ్లది టెస్టింగ్. అయినా రెండూ ఆమోదం పొందుతాయి, ఎందుకంటే మేనేజరు తెరమీద ‘అన్నీ ఎంచుకో’ అనే గడి ఒకటుంటుంది.

తర్వాత వెయిటేజీ, అంటే ఏ లక్ష్యానికి ఎంత శాతం ప్రాధాన్యమో వేయడం. ఐదు లక్ష్యాలూ కలిపి సరిగ్గా 100 శాతం రావాలి. 30, 25, 20, 15, 15 వేస్తే 105 అవుతుంది, పోర్టలు ఒప్పుకోదు. ఎక్కువైన ఆ ఐదు శాతం ఎక్కడ కోయాలో ఎవర్నీ అడగక్కర్లేదు, ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ ఉందిగా! ఈ కూడికలు తేలేలోపు సెషన్ ముగిసి లాగిన్ పేజీ ప్రత్యక్షమవుతుంది, రాసిందంతా గంగలో. అనుభవం ఉన్నవాళ్లు ముందు నోట్‌ప్యాడ్‌లో రాసుకుని తర్వాతే అతికిస్తారు.

లక్ష్యం నిర్దిష్టంగా, కొలవగలిగేలా, గడువుతో ఉండాలనే ‘స్మార్ట్’ పద్ధతి గురించి 1981లో రాసిన జార్జ్ డోరన్, పని ఎవరు చేస్తారో కూడా చెప్పాలన్నాడు. మన ప్లానుల్లో మెంటార్ (దగ్గరుండి నేర్పేవాడు) గడిలో ఎప్పుడూ ‘త్వరలో’ అనే ఉంటుంది. సమయం సంగతి ఇంకా కష్టం. మనిషి పనిగంటలు నూటికి నూరు శాతం ప్రాజెక్టు కింద క్లయింటుకి బిల్లు చేసేశాక, ఏ పనికి ఎన్ని గంటలో రాసే టైమ్‌షీట్‌లో నేర్చుకోడానికి కోడే ఉండదు. కాబట్టి కోర్సు వీడియోలు భోజనాల వేళ మ్యూట్‌లో, రెండింతల వేగంతో వాటంతటవే నడుస్తాయి. చివరి క్విజ్‌కి జవాబులు గ్రూపులో దొరుకుతాయి.

ప్రగతి శాతం వేయడం మాత్రం సులువు. జులైలో 25, అక్టోబరులో 50, జనవరిలో 75. అది నేర్చుకున్నదాని లెక్క కాదు, క్యాలెండరు లెక్క. ఏడాది సగమైంది కదా, సగం ఎదిగినట్టే.

నిజంగా ఏదైనా జరగాలంటే రెండు లక్ష్యాలు చాలు, అవీ కంటికి కనబడేవై ఉండాలి. ‘లీడర్‌షిప్ పెంచుకోవడం’ అని రాస్తే మార్చిలో రుజువు అడిగేవాడికీ చూపించేవాడికీ ఇద్దరికీ ఇబ్బందే. ‘జులైలో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రిలీజుకి సీనియర్ పక్కన కూర్చుని చూడాలి, సెప్టెంబరు రిలీజు తానే నడపాలి, శుక్రవారాలు రెండేసి గంటలు ప్రాజెక్టు పనిలోంచి మినహాయింపు’ అని రాస్తే దొరికిపోవడం తేలిక, అందుకే ఎవరూ అలా రాయరు. నెలకోసారి అరగంట మాట్లాడుకోవాలి, ఆ అరగంటలో రేటింగ్ ఊసు రాకూడదు. వచ్చిందా, ఉద్యోగి తనకు రానిదేదీ చచ్చినా ఒప్పుకోడు.

మధ్యలో ప్రాజెక్టు మారితే లక్ష్యమూ మారాలి. పోర్టల్లో దానికి ‘సవరణ కోరు’ అనే బటన్ ఉంది, చక్కగా పనిచేస్తుంది కూడా. నొక్కగానే విన్నపం ఏప్రిల్లో ఆమోదించిన మేనేజరుకే వెళ్తుంది. ఆయన జూన్‌లోనే కంపెనీ మారిపోయాడు.