"అన్నా, ఈరోజు చదివెయ్యవా" అంటే నాకెందుకు కోపమో

మా కతోలిక చర్చిలో ఆదివారం పూజకి ఐదు నిమిషాలుందనగా ఎవరో ఒకరు పరుగున వచ్చి "అన్నా, మొదటి పఠనం చదివెయ్యవా, చదవాల్సినాయన రాలేదు" అంటారు చూడండి, నాకు ఒళ్ళు మండేది అక్కడే. చదివెయ్యడం ఏంటండీ, పూజలో బైబిల్ చదవడం అదేమన్నా అటెండెన్సా?

ఒక పెంతెకోస్తుకి (పవిత్రాత్మ దిగివచ్చిన పండగ) నన్నే అలా లాక్కెళ్ళి మైక్ ముందు నిలబెట్టారు. అపోస్తలుల కార్యాలు రెండో అధ్యాయం. పార్తీయులు, మాదీయులు, ఎలామీయులు అని మొదలై ఫ్రుగియ, పంఫీలియ దాకా వరసగా వస్తాయి కదా, పార్తీయుల దగ్గర తడబడ్డా, పంఫీలియకి వచ్చేసరికి చెమటలు, ముందు బెంచీలో పిల్లలు నవ్వాపుకుంటున్నారు. ఎవరి భాషలో వాళ్ళకి అర్థమైందని చెప్పే పఠనం అది, నేను చదివితే మన భాషలోనే ఎవరికీ అర్థం కాలేదు.

పెంతెకోస్తు పగటి పూజకి ఏ ఏడాదైనా మొదటి పఠనం అదే. మిగతా ఆదివారాలవి కూడా మూడేళ్ళ చక్రంలో ఎప్పుడో సెట్టయి ఉన్నాయి. ఎవరు చదవాలో తేల్చుకోడానికి మాత్రం ఆఖరి ఐదు నిమిషాలు! మిస్సల్ (పూజ పుస్తకం) ముందుండే సాధారణ సూచనల్లో స్పష్టంగానే ఉంది, నియమిత లెక్టర్ (పఠనాలు చదవడానికి చర్చి అధికారికంగా నియమించిన వ్యక్తి) లేకపోతే వేరేవాళ్ళు చదవచ్చు, కానీ వాళ్ళు ఆ పనికి నిజంగా తగినవాళ్ళయి ఉండాలి, బాగా సిద్ధమై రావాలి అని.

అసలు గొడవంతా దీన్ని పని అనుకోకుండా గౌరవం అనుకోవడంలో ఉందని నాకనిపిస్తుంది. గౌరవం అనుకున్నాయన మైక్ వదలడు, ఏళ్ళ తరబడి ఆయనే, కొత్తమ్మాయి పేరిస్తే "చూద్దాంలే అమ్మా" అంటాడు, ఆ అమ్మాయి రెండు నెలలు చూసి మానేస్తుంది. ఇటుపక్క మిగతా జనం కూడా గౌరవమే అనుకుంటారు కాబట్టి "అయ్యో, నాకంత అర్హత ఎక్కడిది" అని వెనక బెంచీకి అతుక్కుపోతారు. చివరికి అదే ఐదుగురు, అదే అలసట, "ఎవరూ ముందుకి రావట్లేదు ఫాదర్" అనే అదే కంప్లైంట్.

1963లోనే రెండో వాటికన్ మహాసభ (ప్రపంచంలోని కతోలిక బిషప్పుల సభ) చెప్పింది, పీఠం దగ్గర సాయం చేసేవాళ్ళు, చదివేవాళ్ళు, క్వయర్ వాళ్ళు, వీళ్ళంతా చేసేది నిజమైన ఆరాధన సేవే అని. 1972లో ఆరవ పౌలు పోపు గారు లెక్టర్, అకొలైట్ (పీఠం దగ్గర సాయం చేసే వ్యక్తి) పరిచర్యల్ని సామాన్య విశ్వాసులకి తెరిచారు, కానీ మగవాళ్ళకే. ఆడవాళ్ళు వారం వారం చదువుతూనే ఉన్నారు, నియామకం మాత్రం 2021 జనవరిలో ఫ్రాన్సిస్ పోపు గారు చట్టం మార్చేదాకా లేదు. యాభై ఏళ్ళకి దగ్గర దగ్గర! పని వీళ్ళది, పదవి వాళ్ళది. (చెప్తే మా ఇంట్లో ఆడవాళ్ళు "కొత్తేముంది" అన్నారు.)

సత్ప్రసాదం (పూజలో విశ్వాసులకిచ్చే అప్పం) పంచే వాలంటీర్ల సంగతి ఇంకా తమాషా. పీఠం దగ్గర నిలబడి పంచాలంటే పేర్లు బాగానే వస్తాయి. మంచం మీదున్న పెద్దవాళ్ళ ఇంటికి తీసుకెళ్ళాలంటే వాట్సాప్ గ్రూపు మొత్తం మౌనవ్రతం. వాళ్ళింటికెళ్తే ఎవరూ చూడరు కదా మరి, పైగా వాళ్ళు కాసేపు కూర్చోమంటారు, చెప్పిందే మళ్ళీ చెప్తారు, గంట పోతుంది. పాపం వాళ్ళు ఆ గంట కోసమే వారమంతా ఎదురుచూస్తారు.

క్వయర్ గురించి రాయను, అందులో మా చుట్టాలున్నారు.

ఆ పెంతెకోస్తు తర్వాత నేనే వెళ్ళి అడిగా, నా పేరు షెడ్యూల్లో పెట్టండి, కానీ వారం ముందు చెప్పండి అని. ఈ ఆదివారం రెండో పఠనం నాదే, పౌలుగారి లేఖ, ఒక్క వాక్యమే ఆరు లైన్లుంది. ఇంట్లో గట్టిగా నాలుగుసార్లు చదివా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఇంకా తేలలేదు.